గొడ్రాలనే ముందు భర్త చేసే పని ఏదో అడగండి

పెళ్ళయి నాలుగైదేళ్ళు గడిచినా కడుపు పండని ఇంట్లో నింద ఎవరి మీద పడుతుందో మన పల్లెల్లో ఎవరికీ చెప్పనక్కరలేదు. ఆ కోడలిని పేరంటానికి పిలవరు. సీమంతం జరిగే ఇంటికి పోతే ఎదురు రావద్దంటారు. అత్తగారు మొక్కులు మొక్కుతుంది, చెట్టుకు ఊయల కట్టిస్తుంది, తాయెత్తు వేయిస్తుంది, నాటు మందు మింగిస్తుంది. పట్నం తీసుకుపోయి స్కానింగులు తీయిస్తారు. అవన్నీ అయిన తర్వాత కొడుక్కు రెండో సంబంధం వెతకడం మొదలవుతుంది. ఇంత జరిగినా భర్తను అడగవలసిన ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. అతను పొద్దున లేచి ఏ పనికి పోతున్నాడన్నదే ఆ ప్రశ్న.

సంతానం కలగని జంటల్లో దాదాపు సగం మంది విషయంలో లోపం మగవారి వైపు నుంచి, ఒంటిగానో భార్య లోపంతో కలిసో, ఉంటుందని వైద్యులు ఏనాడో తేల్చారు. ఆ లోపానికి కారణాలు అనేకం. గవదబిళ్ళలు వృషణాలకు సోకడం, వృషణాల దగ్గరి రక్తనాళాలు ఉబ్బడం, పుట్టుకతో వచ్చిన తేడాలు ఇటువంటివి. వీటి గురించి డాక్టర్లు అడుగుతూనే ఉంటారు. తరచు అడగకుండా వదిలిపెట్టే కారణం ఒకటి ఉన్నది. సీసం, కాడ్మియం వంటి భారలోహాలు ఒంట్లో చేరడం అది.

సీసం పని ఎక్కడ జరుగుతున్నదో చూడడానికి దూరం పోనక్కరలేదు. ట్రాక్టరుకు, లారీకి, ఆటోకు, కరెంటు పోయినప్పుడు ఫ్యాను తిప్పే ఇన్వర్టరుకు ఉండే బ్యాటరీ బరువులో సగానికి పైగా సీసానిదే. బ్యాటరీ చచ్చిపోతే పాత సామాన్లవాడు కొంటాడు. అది చేతులు మారి ఊరి చివర ఏ రేకుల షెడ్డుకో చేరుతుంది. అక్కడ గొడ్డలితో పెట్టె పగలగొట్టి, యాసిడ్ నేల మీద పారబోసి, లోపలి పలకలను కరిగించి దిమ్మలు పోస్తారు. సీసం 327 డిగ్రీల వేడికే కరుగుతుంది. ఒక గుంత, బొగ్గులు, గాలి కొట్టే ఫ్యాను ఉంటే పని జరిగిపోతుంది. పెద్ద చిమ్నీ అక్కరలేదు కాబట్టి అధికారుల కంట పడకుండా సాగిపోవడం సులువు. రేడియేటర్లకు అతుకు వేసేవారు, పాత తలుపుల మీది రంగును గరుకు కాగితంతో గీకేవారు కూడా సీసానికి దూరంగా ఉన్నవారు కారు.

ఈ పనికి కుదిరేవారిలో వయసులో ఉన్న కుర్రవాళ్ళు ఉన్నారు. పెళ్ళి కావలసినవాళ్ళు, కొత్తగా అయినవాళ్ళు. పొలం పని లేని నెలల్లో రోజు కూలి వస్తుందని పోతారు. మూతికి తువ్వాలు చుట్టుకుంటే చాలనుకుంటారు. సీసపు పొగలోని నలుసులు తువ్వాలు ఆపగలిగినవి కావు. అవి ఊపిరితిత్తుల్లోకి పోయి రక్తంలో కలుస్తాయి. దుమ్ము చేతికి అంటుతుంది, ఆ చేత్తోనే బీడీ ముట్టిస్తారు, ఆ చేత్తోనే ముద్ద కలుపుతారు. ఒంట్లోకి పోయిన సీసం రక్తంలో సుమారు నెల రోజుల పాటు తిరిగి, అందులో కొంత ఎముకల్లో చేరి అక్కడ ఇరవై ఏళ్ళకు పైగా మకాం వేస్తుంది. పని మానేసినవాడి ఎముకల నుంచి కూడా అది కొంచెం కొంచెంగా రక్తంలోకి దిగుతూనే ఉంటుంది.

ఇది నిన్న మొన్న తెలిసిన సంగతి కాదు. 1860లోనే ఫ్రాన్సు దేశపు వైద్యుడు కాన్‌స్టాంటిన్ పాల్ సీసం పనివారి కుటుంబాలలో గర్భస్రావాలు, చచ్చి పుట్టిన బిడ్డలు ఎక్కువగా ఉండడం గమనించి రాశాడు. భార్య ఆ పనికి పోకుండా భర్త ఒక్కడే పోయే ఇళ్ళలో కూడా అదే వరుస కనిపించింది. ఆయన చూసినవారిలో అచ్చు అక్షరాల పనివారు ఉన్నారు. మన పత్రికలు కూడా ఆఫ్‌సెట్ యంత్రాలు వచ్చేదాకా సీసపు అక్షరాలతోనే అచ్చయినవన్న సంగతి పాత కంపోజిటర్లకు గుర్తుండే ఉంటుంది.

సూక్ష్మదర్శిని కింద చూసిన లెక్క తర్వాత వచ్చింది. రుమేనియా దేశంలో బ్యాటరీల కర్మాగారంలో సీసం మధ్య పనిచేసిన 150 మంది మగవారిని వైద్యులు పరీక్షించి 1975లో ఫలితాలు ప్రకటించారు. రక్తంలో సీసం పెరిగిన కొద్దీ వీర్యకణాల సంఖ్య తగ్గడం, వాటి కదలిక మందగించడం, వంకర ఆకారాలు ఎక్కువ కావడం వారు చూశారు. ఆ తర్వాత అనేక దేశాల పరిశీలనలను కలిపి చూసిన నిపుణులు 100 మిల్లీలీటర్ల రక్తంలో సీసం 40 మైక్రోగ్రాములు దాటినవారిలో ఈ చెరుపు స్పష్టంగా కనబడుతున్నదన్నారు. మైక్రోగ్రామంటే గ్రాములో పది లక్షలవ వంతు. ఉప్పు గల్లు కన్నా ఎంతో చిన్నది. కంటికి కనబడనంత సీసంతో కాపురాలు కూలుతున్నవన్న మాట.

అయితే సీసం పని చేసిన ప్రతివాడికీ పిల్లలు పుట్టరనడం తప్పు. పుట్టినవారు ఎందరో ఉన్నారు. ఎంత మోతాదు, ఎన్నేళ్ళు, ఆ మనిషి తిండి ఎటువంటిది అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇనుము, కాల్షియం చాలని శరీరం సీసాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది. మన కూలివాళ్ళలో రక్తహీనత సామాన్యం గనుక ఈ మాట పట్టించుకోవలసినదే.

లోపల జరిగేదేమిటో రైతుకు చెప్పడం కష్టం కాదు. వృషణం నారుమడి వంటిది. అందులో సన్నని గొట్టాల గోడల వెంబడి వీర్యకణాలు మొలిచి, దశలు దాటి, తయారు కావడానికి సుమారు 74 రోజులు పడుతుంది. పెసర పంట చేతికి వచ్చేటంత కాలం. ఈ నారుమడికి ప్రకృతి ఒక కంచె కట్టింది. రక్తంలో పోయే ప్రతిదీ లోపలికి రాకుండా అక్కడి కణాలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కొని అడ్డు నిలుస్తాయి. భారలోహాలు దెబ్బ తీసేది ఈ కంచెనే. వీర్యకణం తలలో తండ్రి నుంచి బిడ్డకు పోయే బీజద్రవ్యం ఉంటుంది. అది గట్టిగా చుట్టుకొని ఉండడానికి జింకు కావాలి. జింకు కూర్చోవలసిన పీట మీద సీసం కూర్చుంటే ఆ చుట్ట సరిగా పడదు, విత్తనం తాలుగింజ అవుతుంది. వృషణాలను పనిచేయించే హార్మోన్లు మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి వస్తాయి. సీసం ఆ గ్రంథినీ వదలదు.

కాడ్మియం ఇంకా మొరటుది. 1956లో అప్పటి చెకోస్లవేకియాలో పారిజెక్, జహోర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఎలుకలకు కాడ్మియం లవణం సూదిమందుగా ఇచ్చి చూశారు. ఎలుక బతికే ఉన్నది గాని దాని వృషణాల కణజాలం చచ్చిపోయింది. అక్కడి సన్నని రక్తనాళాలు ముందు దెబ్బతినడం దీనికి ముఖ్య కారణమని తర్వాత తేలింది. జింకు కలిపి ఇచ్చినప్పుడు ఆ నాశనం ఆగడం కూడా పారిజెక్ చూశాడు. మనిషి ఒంట్లోకి పోయే కాడ్మియం ఎలుకకు గుచ్చినంత ఉండదు, ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా పోతుంది. కాబట్టి ఎలుకకు జరిగినదే మనిషికి జరుగుతుందనలేము. కాని ఒకసారి మూత్రపిండాల్లో చేరిన కాడ్మియం పది నుంచి ముప్పై ఏళ్ళకు గాని సగం తగ్గదు.

కాడ్మియం పేరు వినలేదనుకునేవారు బంగారం కొట్లో విన్న కేడీఎం అనే మాట గుర్తు చేసుకోవాలి. ఆ మాటలో ఉన్నది కాడ్మియమే. నగ అతుకుకు దాన్ని వాడినప్పుడు లేచే పొగ కంసాలి ముక్కులోకే పోయేది. నగ పెట్టుకున్న ఆమెకు ముప్పు లేదు, చేసినవాడికే ఉన్నది. హాల్‌మార్కు వేసే నగల్లో ఇప్పుడు కాడ్మియం ఉండకూడదు. చాటుమాటుగా వాడే చోట్ల ఆ పొగ ఇంకా లేస్తూనే ఉంటుంది. పొగాకు మొక్క కూడా నేలలోని కాడ్మియాన్ని ఆకుల్లోకి లాగుతుంది. పొగ తాగేవారి ఒంట్లో కాడ్మియం తాగనివారికన్నా సుమారు రెట్టింపు ఉంటుంది. చుట్ట, బీడీ, సిగరెట్టు అన్న తేడా అక్కరలేదు.

భారలోహాల పేర్లు మన వైపు ఒకసారి మాత్రం ఇంటింటా వినబడ్డవి. 2020 డిసెంబరులో ఏలూరులో వందలాది మంది ఉన్నట్టుండి మూర్ఛలు వచ్చి పడిపోయినప్పుడు, ఢిల్లీ ఎయిమ్స్‌లో పరీక్షించిన రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నవని చెప్పారు. చివరకు నిపుణుల వేలు పురుగు మందుల వైపు చూపింది, అది వేరు సంగతి. మనుషులు రోడ్డు మీద పడిపోయారు కాబట్టి మంత్రులు వచ్చారు, ఢిల్లీ నుంచి, హైదరాబాదు నుంచి శాస్త్రజ్ఞులు వచ్చారు. బ్యాటరీ షెడ్డులో పనిచేసేవాడు పడిపోడు. కడుపు నొప్పి, మలబద్ధకం, నీరసం, కీళ్ళ నొప్పులు అంటాడు. ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది వేయించుకొని మళ్ళీ పనిలోకి పోతాడు. అతని ఇంట్లో ఊయల కట్టలేదని ఏ శాస్త్రజ్ఞుడూ రాడు.

ఈ విషయంలో పెద్ద అడ్డంకి మగవారి మనసులోనే ఉన్నది. వీర్య పరీక్ష చేయించుకోమంటే తన మగతనాన్ని శంకించారనుకుంటాడు. దాంపత్యంలో ఏ లోపమూ లేని మనిషికి కూడా వీర్యకణాలు తక్కువగా ఉండవచ్చు. ఈ రెండింటికీ ముడిపెట్టడం వల్ల ఎందరో ఇల్లాళ్ళు చేయని తప్పుకు శిక్ష అనుభవిస్తున్నారు. ఆడవారికి చేసే పరీక్షలతో పోలిస్తే మగవారికి చేసేది చాలా తేలిక. కోత లేదు, మత్తు లేదు, ఒక సీసాలో నమూనా ఇవ్వడమే. అయినా ముందుగా ఆమె కడుపునే శోధిస్తారు. ఇది అన్యాయం. అంతే కాదు, డబ్బు దండగ కూడా.

దీనికన్నా విడ్డూరమైనది మరొకటి జరుగుతున్నది. పరీక్షకు పోవడానికి సిగ్గుపడిన మనిషి సంతలోనో, బస్టాండు పక్క డేరాలోనో వీర్యవృద్ధి మందు కొంటాడు. అందులో ఏ భస్మం కలిపారో అమ్మినవాడు చెప్పడు. రసవైద్యంలో నాగభస్మమంటే సీసపు భస్మమే. పాదరసంతో, తాళకంతో చేసే మందులు కూడా ఉన్నవి. 2004లో అమెరికాలో బోస్టన్ నగరం చుట్టుపక్కల దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందులను పరీక్షించగా 14 మందుల్లో సీసమో, పాదరసమో, ఆర్సెనికో బయటపడినట్లు వైద్య పత్రికలో వచ్చింది. ఆయుర్వేదమంతా విషమని దీనర్థం కాదు. ఆ పరీక్షలో 56 మందుల్లో ఆ లోహాలు కనబడలేదు గదా. పేరు, తయారీ చిరునామా లేని పొట్లం మాత్రం సీసం పని చేసేవాడు ముట్టుకోకూడదు. ఒంట్లో సీసం ఉండి పిల్లలు కలగని మనిషి, పిల్లల కోసమని మరికొంత సీసం మింగడం కన్నా విచారకరమైన సంగతి ఏమున్నది?

షెడ్డుల్లో మరో నమ్మకం ఉన్నది. రోజూ బెల్లం ముక్క తింటే, అరటి పండు తింటే, పాలు తాగితే సీసం కడుక్కుపోతుందని. కొన్నిచోట్ల యజమానులే బెల్లం పంచి తమ బాధ్యత తీరిందనుకుంటారు. మంచి తిండి వల్ల సీసం కొంత తక్కువగా ఒంటబట్టే మాట నిజమే. ఒంట్లో చేరిన సీసాన్ని బెల్లం బయటకు తేలేదు. పొగను లాగి పారేసే గొట్టం, మంచి మాస్కు, సబ్బు, నీళ్ళు, అన్నం తినడానికి వేరే చోటు, పని బట్టలు అక్కడే విప్పి పెట్టే వీలు, ఏటా రక్త పరీక్ష ఇవి యజమాని ఇవ్వవలసినవి. బెల్లం చవక గనుక బెల్లమే పంచుతున్నారు.

చట్టాలు లేవనడానికి వీల్లేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో, డాక్టరు కంటబడితే ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలియపరచవలసిన వ్యాధుల పట్టికలో మొట్టమొదటిది సీసం విషమే. పాత బ్యాటరీలను వాపసు తీసుకొని, అనుమతి ఉన్న కర్మాగారాలకే పంపాలని కేంద్రం 2001లో నిబంధనలు చేసింది. 2022లో వాటి స్థానంలో కొత్త నిబంధనలు వచ్చినవి. పెట్రోలులో సీసం కలపడం దేశమంతటా 2000 నుంచి ఆగిపోయింది. ఇళ్ళకు వేసే రంగుల్లో పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళకు మించి సీసం ఉండరాదన్న నియమం 2017 నుంచి అమలులో ఉన్నది. పెట్రోలు విషయంలో చేయగలిగిన పనిని బ్యాటరీ విషయంలో చేయలేకపోవడానికి కారణం వెతకనక్కరలేదు. పెట్రోలు శుద్ధి చేసే కంపెనీలు లెక్కకు కొన్నే, పాత బ్యాటరీ కరిగించే గుంతలు ఎన్నో. అధికారులు వచ్చిన రోజున గుంత పూడ్చి ఉంటుంది, వారం తిరిగేసరికి మరో ఊరి పొలిమేరలో పొగ లేస్తుంది.

ఈ పట్టుకోవడం కేవలం అధికారుల వల్ల అయ్యేది కాదు. బ్యాటరీ అమ్మే రైతు, ఆటో డ్రైవరు చేతిలో కూడా కొంత ఉన్నది. కొత్తది కొనేటప్పుడు పాతదాన్ని అదే దుకాణంలో ఇస్తే ధర తగ్గిస్తారు. పాత సామాన్లవాడు వంద రూపాయలు ఎక్కువ ఇచ్చినప్పుడు, ఆ ఎక్కువ ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచించాలి. యాసిడ్‌కు తొట్టి కట్టనందున, పొగకు గొట్టం పెట్టనందున, పనివాడికి పరీక్ష చేయించనందున మిగిలిన డబ్బు అది. ఊరి పొలిమేరలో అటువంటి షెడ్డు వెలిస్తే గ్రామ పంచాయతీ తీర్మానం చేసి కాలుష్య నియంత్రణ మండలికి పంపవచ్చు. ఆ పొగ పనివాళ్ళతో ఆగదు. సీసం దుమ్ము బట్టలతో ఇంటికి వస్తుంది. ఆ చొక్కా ఉతికే భార్యకు, ఆ ఒళ్ళో ఎక్కే తమ్ముడి పిల్లలకు అంటుతుంది. పసిపిల్లల మెదడుకు సీసం చేసే చేటు పెద్దలకు చేసేదానికన్నా ఎక్కువ.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి సంతానం కోసం వచ్చే జంటల కాగితంలో భర్త వృత్తి అని ఒక గడి ఉంటే చాలదు. కూలి అని రాసి సరిపెడుతున్నారు. ఏ కూలి, ఎక్కడ, ఎన్నాళ్ళుగా అని రాయాలి. ఇంటింటికీ తిరిగే ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలు ఈ ప్రశ్న అడగగలరు. మగవాడితో మాట్లాడడానికి మగ ఆరోగ్య కార్యకర్త ఉంటే మరీ మంచిది. వీర్య పరీక్షకు ఒక సూక్ష్మదర్శిని, శిక్షణ పొందిన టెక్నీషియను ఉంటే సరిపోతుంది గనుక ఏరియా ఆసుపత్రులన్నిటిలో ఈ పరీక్ష ఉచితంగా చేయించే ఏర్పాటు జిల్లా వైద్యాధికారులు చేయవలసి ఉన్నది. రక్తంలో సీసం చూసే యంత్రం ప్రతి ఊళ్ళో పెట్టలేరు. కాని రక్తం తీసి పెద్ద ప్రయోగశాలకు పంపే పద్ధతి పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

ఫలితం వచ్చిన తర్వాత అంకెలు ఎలా చదవాలో కూడా తెలిసి ఉండడం మంచిది. మిల్లీలీటరు వీర్యంలో 1 కోటి 60 లక్షల కణాలు ఉంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 లెక్క ప్రకారం అది కింది హద్దు. అంతకు తగ్గితే పిల్లలు పుట్టరని కాదు, ఆలస్యం కావచ్చునని, డాక్టరు సలహా కావాలని అర్థం. ఒక్క పరీక్షతో తేల్చకుండా మళ్ళీ చేయిస్తారు. రక్తంలో సీసం 100 మిల్లీలీటర్లకు 5 మైక్రోగ్రాములు ఉంటే, అది ఎక్కడి నుంచి వస్తున్నదో వెతికి ఆపాలని అదే సంస్థ 2021లో చెప్పింది. పిల్లలు కావాలనుకునే సీసం కార్మికులకు, ఆడవారికే కాక మగవారికి కూడా, 30కి లోపే ఉండాలని అమెరికా ప్రభుత్వం 1978లోనే తన నియమావళిలో రాసుకున్నది.

సీసం విషయంలో ఆశ వదులుకోనక్కరలేదు. ఆ పని నుంచి తప్పుకొన్న తర్వాత రక్తంలో సీసం తగ్గుతూ, దానితోపాటు వీర్యం మెరుగుపడిన కార్మికులను వైద్యులు చూశారు. సీసాన్ని విరిచి బయటకు పంపే మందులు ఉన్నవి గాని అవి ఆసుపత్రిలో డాక్టరు కనిపెట్టి ఉండగా వాడవలసినవి, ఆ పనిలోనే ఉంటూ వాడితే ఫలితం లేదు. కొత్త వీర్యకణాలు తయారు కావడానికి రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి, పని మారిన మూడు నెలలకు మొదటి పరీక్ష, తిరిగి మరో మూడు నెలలకు రెండో పరీక్ష చేయించుకోవాలి. పరీక్షకు రెండు నుంచి ఏడు రోజుల ముందు నుంచి దంపతులు దూరంగా ఉండాలి. నమూనాను ఆసుపత్రిలోనే ఇస్తే మంచిది. ఇంటి నుంచి తెచ్చేటట్లయితే గంట లోపల, చలి తగలకుండా చొక్కా లోపల పెట్టుకొని తేవాలి. భార్యను కూడా వెంట తీసుకుపోవాలి, డాక్టరు చెప్పేది ఆమె కూడా వినాలి.